అంగడి అమరికయు ధర్మమును

కామారెడ్డి గంజులో బెల్లము కొనువాడు తొలుత దిమ్మను తిరుగవేసి చూచును. అంచున చిన్న ముక్క విఱిచి, వ్రేళ్లనడుమ నలిపి, వాసన చూచి, నాలుకపై నుంచుకొని, పిమ్మట గాని ధర మాట యెత్తడు. ఆ పరీక్షను కాదన్న వ్యాపారిని ఈ చెఱకు సీమలో ఎవ్వరును నమ్మరు. కాంటా యెదుట కొనువాడును అమ్మువాడును కలిసి నిలిచియుందురు. తూకము ఇరువురకును కనబడును. ఇప్పుడదే బెల్లము, కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి బోవు కె.కె.వై. రహదారి ప్రక్కనున్న యే పల్లెలోనైనను, చేతిలోని ఫోను తెరపై దొరకుచున్నది. కొనువాని పంచేంద్రియములలో నాలుగింటికి ఆ యంగడిలో ప్రవేశము లేదు. మిగిలిన కంటికిని వెలుగుతో గీసిన బొమ్మయే గాని వస్తువు గోచరింపదు. అందువలన ఆ తెరపై ఏది ముందుంచవలెను, ఏది మఱుగున నుంచవలెను, ఏ యక్షరము పెద్దది కావలెను, ఏ బటను ఏ రంగున మెఱయవలెను అను నిర్ణయము, పైకి రూపకల్పనకు మాత్రమే చెందినట్లు తోచినను, నిజమునకు ధర్మమునకు సంబంధించినది. కొనువాని ముక్కును నాలుకయు చేయవలసిన పనిని అతని పక్షమున చేయవలసినవాడు ఆ యంగడిని అమర్చినవాడే గదా!

అమరికయే అసత్యము కాగలదా యను ప్రశ్నకు మిక్కిలి సూటియైన సమాధానము ఇస్లాము సంప్రదాయమున, సహీహ్ ముస్లిం అను హదీసుల సంపుటములో నున్నది. ప్రవక్త ముహమ్మదు అంగడిలో నడచుచు ఒక ధాన్యపురాశిలో చేయి చొనుపగా, పైన పొడిగా కనబడిన గింజలు లోపల తడిగా తగిలినవి. ఇదేమని యడిగినప్పుడు వర్తకుడు, వాన తడిపినదని చెప్పెను. అతడు పలికినది యథార్థమే. వాన కురియుట అతని నేరమును గాదు. అయినను, తడిసిన గింజలను జనులు చూచునట్లు పైన నేల పెట్టలేదని ప్రవక్త ప్రశ్నించి, వంచకునితో తనకు సంబంధము లేదని నిష్కర్షగా చెప్పెను. ఆ వర్తకుడు నోట ఒక్క అబద్ధమైనను పలుకలేదు, కొలతలో పిడికెడైనను తగ్గింపలేదు. అతడు చేసినదెల్ల రాశిని ఒక తీరున పోయుటయే. వాక్కునందలి అనృతమును నిందింపని మతము లేదు. అమరికయందలి అనృతమును ఇంత సూటిగా పట్టిచూపిన వృత్తాంతము మాత్రము నేనెఱిగినంతలో వేఱొకటి లేదు. ఈనాటి తెరపై తడిగింజలు అడుగుననే యుండును: రవాణా రుసుము కట్ట కడపటి పుటలో, తిరిగి తీసికొనబడదను నిబంధన చీమ తలకాయంత యక్షరములలో.

మహాభారతము శాంతిపర్వములోని తులాధారుడు ఆ వర్తకునకు సరిగా ఎదుటి కొసను నిలుచువాడు. తన జడలలో గూడు కట్టిన పక్షులు పిల్లలను పెంచి యెగిరిపోవు వఱకును కదలక నిలిచిన జాజలి యను తపస్వి, తనవంటి ధర్మాత్ముడు లేడని పొంగిపోగా, వారణాసిలోని వర్తకుడగు తులాధారునితో నీవు సాటిరావని ఆకాశవాణి పలికినది. తపస్సు చేసినవాడు సరకులమ్మువానియొద్దకు ధర్మమడుగ బోవుటయే ఆ యుపాఖ్యానములోని విశేషము. తాను కపటము లేక కొని కపటము లేక అమ్ముదుననియు, తన త్రాసు సర్వభూతములయెడ సమమనియు తులాధారుడు చెప్పెను. ఆ సమత్వమును నేటి యంగడికి పట్టిచూచిన, మనస్సు కలతపడక మానదు. తెరమీది యంగడి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముఖము చూపును. కొనువాని వ్రేలు ఎచ్చట తడబడినదో, ఏ బొమ్మయొద్ద ఎంతసేపు నిలిచినదో అంగడి యెఱుగును. అంగడి తన్నెట్లు చూచుచున్నదో కొనువాడెఱుగడు. కాంటా యెదుట ఇరువురును నిలిచిన కాలము పోయి, ఒకడు వెలుగులోను ఒకడు చీకటిలోను నిలిచిన కాలము వచ్చినది. అట్టిచోట అమర్చువాని బాధ్యత వెనుకటికంటె పెరుగునే గాని తరుగదు.

అలంకారము లేని యంగడి యెచ్చటనైన కలదాయని అడుగువారుందురు. వారి ప్రశ్న న్యాయమైనదే. సింహాచలమున స్వామి సంవత్సరమంతయు చందనపు పూతలో నుండి, అక్షయతృతీయనాడు నిజరూపమున దర్శనమిచ్చును. పైనున్నది చందనమని యెఱుగని భక్తుడుండడు గనుక ఆ యలంకారములో వంచన లేదు. అలంకారము దోషము కాదు. నిజరూపమునకు దారి మూయుటయే దోషము. బెల్లము వండువారు కొందఱు పాకములో హైడ్రోసు అను రసాయనము కలిపి పసిమి తెత్తురు, కొనువారు ఆ పసిమినే కోరుదురు గనుక. రసాయనము తాకని ముదురుగోధుమవన్నె బెల్లమును, ఫొటోలో వెలుగు పెంచి బంగారు చాయకు తెచ్చువాడు పాకములో ఏమియు కలుపలేదని చెప్పుకొనవచ్చును. కాని కంటిని మోసగించుటలో ఆ రెండు పనులకును భేదమేమి?

ఈ విషయమున రాజశాసనమును మేల్కొన్నది. ఇట్టి కపటపు అమరికలకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అను రూపకర్త డార్క్ ప్యాటర్న్‌లని పేరు పెట్టెను; మన దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వానిలో 13 రకములను పేర్కొని నిషేధించినది. సరకు తఱిగిపోవుచున్నదని లేని తొందర కల్పించుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, వద్దన్నవానిని సిగ్గుపఱచు మాటలు వ్రాయుట, చేరుటకు సులభమై విడుచుటకు దుర్గమమైన చందాలు కట్టించుట అందులోనివి. మన దుకాణములలో తూకమైన పిదప సేటు తనంత తానుగా పిడికెడు కొసరు వేయును. ఇచ్చట కొసరు కొనువాని బిల్లులో పడుచున్నది. ప్రైమ్ సభ్యత్వమును విడుచు మార్గమునకు అమెజాన్ సంస్థ లోలోపల ఇలియడ్ అని, ఆ సుదీర్ఘ యుద్ధకావ్యపు పేరు పెట్టుకొన్నదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించినది. ఆ దావా 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్ల రాజీతో ముగిసినది.

అయితే శాసనము పట్టుకొనలేని చిక్కు మఱొకటి కలదు. నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది అదియే. నేటి అంగళ్లలో రెండు అమరికలను సిద్ధపఱచి, కొందఱకు ఒకటి, కొందఱకు మఱొకటి చూపి, దేనివలన అమ్మకము హెచ్చునో దానిని నిలుపుదురు. మోసము చేయవలెనని ఎవ్వరును సంకల్పింపలేదు. రంగు మార్చినవాడు రంగు మాత్రమే మార్చెను, లెక్క చూచినవాడు లెక్క మాత్రమే చూచెను. అంకె తీర్పు చెప్పినది. ఇందు కర్త యెవడు? చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు అను నలుగురును పుణ్యపాపములలో సమభాగులని మన పెద్దలు చెప్పిన మాట ఇచ్చటనే అక్కఱకు వచ్చును. అంకెకు సంకల్పము లేదు. ఏది లెక్కింపవలెనని కోరుకొన్నామో దానియందే మన సంకల్పమున్నది. కొన్నవారిని మాత్రమే లెక్కించినవాడు, నిజమెఱిగినచో కొనకపోయెడివారినిగూడ తన లాభములో కలిపికొన్నాడు. శ్రేయస్సును ప్రేయస్సును మానవుని యెదుట నిలుచుననియు, ధీరుడు విడదీసి చూచి శ్రేయస్సును వరించుననియు కఠోపనిషత్తు చెప్పుచున్నది. ఆ విడదీసి చూచుటకు ఒక క్షణకాలము కావలెను. ఆ క్షణమును కొనువానినుండి అపహరించు అమరిక ధనమునకంటె పెద్దదానినే దొంగిలించుచున్నది.

కామారెడ్డి బెల్లపు వ్యాపారి యెవడైన తన ఆన్‌లైన్ దుకాణమును చక్కదిద్దదలచిన, నేను చెప్పదగినది ఇంతియే. విఱిచిన దిమ్మ లోపలి రంగు పగటి వెలుగులో కనబడు ఫొటో మొదట నుంచుము. ఏ నెలలో వండినదో, పాకములో ఏమి కలిసినదో, నికరపు తూకమెంతయో, రవాణాతో కలిపి ధర యెంతయో డబ్బు అడుగకముందే ఒక్కచోట వ్రాయుము. ఫ్లిప్‌కార్టు, అమెజాన్ వంటి పెద్ద అంగళ్లు 2020లోనే తెలుగును చేర్చినవి. నీవు తెలుగుతోపాటు ఉర్దూను, మద్నూరు, జుక్కల్ వైపువారికై మరాఠీని గూడ చేర్పుము. నిబంధనలను మాత్రము ఇంగ్లీషులో దాచవలదు. కంటిచూపు మందగించిన వృద్ధుడును చదువగల యక్షరములు వాడుము. వద్దు అను బటనును, కావలెను అను బటనును ఒకే కొలతలో నుంచుము. బెల్లము నచ్చక తిరిగి పంపదలచిన ఎల్లారెడ్డి గృహిణికి, కొన్ననాడు ఎన్ని మెట్లు ఉన్నవో తిప్పిపంపునాడును అన్నియే ఉండవలెను. ఆ దారిలో నడుమ ఎవ్వరును ఆమెను ఆపి, ఎందుకు వద్దని మరల మరల అడుగరాదు.