బొగ్గు ఋణం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు కోసం తెల్లవారకముందే వచ్చి నిలుచునే బిడ్డలారా, అశోక్‌నగర్ సందుల్లో ఇరుకు గదులు పంచుకుంటూ, నారాయణగూడ మెస్సుల్లో వేళ తప్పి తింటూ, గ్రూప్స్ కొలువు కోసం ఏళ్ల తరబడి చదువుతున్న వారలారా, ఈ మాటలు మీకోసం. మీలో కొందరు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చినవారు. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని మీ ఊళ్లు. ఇంకొందరు కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు దిక్కు నుంచి వచ్చారు. మీ తండ్రి బొగ్గు బాయి పనికి దిగి సంపాదించిన జీతం మీ గది అద్దె అయి ఉండవచ్చు. లేదా మీ తాతగారి చెలక, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులో పోతే చేతికొచ్చిన పరిహారం మీ కోచింగ్ ఫీజు అయి ఉండవచ్చు. రెండూ బొగ్గు సొమ్మే అయినా రెండూ ఒకటి కావు. రేపు అధికారపు కుర్చీలో కూర్చోబోయేవారు ఆ తేడా ఇప్పుడే ఎరిగి ఉండాలి.

మీ పుస్తకాల్లో సింగరేణి అంటే ఒకటి రెండు మార్కుల ప్రశ్న. ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టింది విలియం కింగ్, 1871లో. తవ్వకాలు మొదలైంది 1889లో. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది 1920 డిసెంబరు 23న. రాష్ట్రం వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. ఇవన్నీ మీకు కంఠతా వచ్చు. రావాలి కూడా. కాని ఈ అంకెల వెనుక ఉన్న మనుషులు ఏ ప్రశ్నపత్రంలోనూ రారు. అందుకే పెద్దవాణ్ని, చనువు తీసుకొని చెబుతున్నాను.

ముందు మేలు చెప్పుకోవాలి. మేలును మరచినవాడికి కీడును గురించి మాట్లాడే అర్హత ఉండదు. రాజ్యానికి గనులు అవసరమని మన పూర్వులూ ఎరుగుదురు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో గనుల కోసమే ఆకరాధ్యక్షుడనే అధికారిని నియమించమన్నాడు. ఇక మన గడ్డ మీద బొగ్గు చేసిన మేలు చిన్నది కాదు. ఇల్లందును నేటికీ బొగ్గుట్ట అని పిలిచేవారున్నారు. ఊరికి బొగ్గే పేరయింది. అడవి అంచు పల్లెలు పట్టణాలయ్యాయి. ఎకరం పొలం లేని కుటుంబానికి నెలనెలా జీతం, ఉండడానికి క్వార్టరు, జబ్బు చేస్తే ఏరియా ఆసుపత్రి, పిల్లలకు బడి దొరికాయి. దొర గడీ ముందు చెప్పులు విడిచి చేతులు కట్టుకొని నిలబడిన తాతకు, హాజరు మస్టరు పడగానే తోటివాడితో సమానంగా గనిలోకి నడిచే మర్యాద దొరికింది. సంఘం పెట్టుకొని, జెండా ఎత్తి, యజమానిని ఎదురు ప్రశ్నించే ధైర్యం ఆ గనుల్లోనే అలవడింది. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు పెళ్లలు కదలకుండా ఆపి రాష్ట్ర సాధన ఉద్యమానికి వెన్నుగా నిలిచిందీ ఆ శ్రామికులే. కూలి బిడ్డ ఇంజనీరయ్యాడు, డాక్టరయ్యాడు, నేడు అశోక్‌నగర్ చౌరస్తాలో కరెంట్ అఫైర్స్ పుస్తకం పట్టుకొని నిలబడ్డాడు.

ఈ మేలుకు ఎవరు ఏమి చెల్లించారో ఇప్పుడు వినండి. బాయిలోకి దిగినవాడు పనికి ముందు చేతికర్రతో పైకప్పును కొట్టి చెవి ఒగ్గుతాడు. గట్టిగా పలికితే అక్కడ నిలుస్తాడు. డొల్లగా పలికితే పక్కకు తొలగి, కప్పు సరిచేయమని కేకేస్తాడు. తన ప్రాణాన్ని అలా చప్పుడులో కొలుచుకుంటూ ముప్పై ఏళ్లు బతికిన తండ్రులు మీకున్నారు. ఆ చెవికి అందని మృత్యువూ ఉంది. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు బలయ్యారు. గనిలో చావు తప్పినా, ఏళ్ల తరబడి పీల్చిన ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, రిటైరయ్యాక మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడేవారు ఉన్నారు. ఇంట్లో అటువంటి దగ్గు వింటూ పెరిగినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు.

అయినా భూగర్భ గనిలో ఒక న్యాయం ఉండేది. ప్రమాదం ఎవరిదో జీతమూ వారిదే. పైన పొలం చాలావరకు పొలంగానే ఉండేది. ఓపెన్‌కాస్టు వచ్చాక ఆ లెక్క తారుమారైంది. నేటి సింగరేణి ఏటా సుమారు ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది, అందులో చాలా భాగం ఓపెన్‌కాస్టుల నుంచే. టన్ను బొగ్గు చేతికి రావాలంటే దాని మీది మట్టిని ఎన్నో ఘనపు మీటర్ల మేర తవ్వి పక్కన పోయాలి. చెలక పోతుంది, చెరువు పోతుంది, బొడ్రాయి పోతుంది, తాతముత్తాతల సమాధులు పోతాయి. మిగిలేవి ఓబీ గుట్టలనే ఆ మట్టి కుప్పలు, లోతు తెలియని గుంత. గుంతలో ఊరే నీటిని రాత్రింబగళ్లు తోడిపోస్తుంటే చుట్టుపక్కల బావులు అడుగంటుతాయి.

ఆ గుంత అంచున ఉన్న పల్లెలో ఒక్క మధ్యాహ్నం కూర్చోండి. బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. ఇల్లాలు చేతిలో పని వదిలి, ముందు ఊయలలోని పసిబిడ్డను ఎత్తుకుంటుంది. తరువాత గూట్లోని గాజు సీసాను, గోడకున్న దేవుడి పటాన్ని దించి మంచం మీద పెడుతుంది. భూమి అదురుతుంది. గోడకు మొన్న మెత్తిన సిమెంటు పక్కనే కొత్త బీట కనబడుతుంది. ఆమె మళ్లీ పటం ఎత్తి మేకుకు తగిలిస్తుంది. మర్నాడు మళ్లీ సైరన్ మోగుతుంది. ఆ ఇంట్లో ఒక్కరికి కూడా గనిలో కొలువు లేకపోవచ్చు. నేను బాధపడేది ఇక్కడే. కీడు ఒక గడపకు, మేలు మరొక గడపకు చేరినప్పుడు దాన్ని అభివృద్ధి అని పిలిచేవాడు తన మనసును తాను మోసగించుకుంటున్నాడు.

కొలువుల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు సుమారు నలభై వేల మంది. బొగ్గు పెరిగింది, చేతులు తగ్గాయి. 2022లో 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు దాదాపు లక్ష మంది దరఖాస్తు పెట్టారు. ఆ పరీక్షకు చిక్కడపల్లి గ్రంథాలయం చెట్ల కిందే చదివినవారు మీలో ఉండకపోరు. తగ్గిన చేతుల స్థానంలో కాంట్రాక్టు కార్మికులు వచ్చారు. 2024లో కంపెనీ లాభాల్లో పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలినదానిలో 33 శాతం వాటాగా 796 కోట్ల రూపాయలు పర్మినెంటు కార్మికులకు పంచారు. తలకు సగటున లక్షా తొంభై వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికుడికి మొట్టమొదటిసారిగా ఐదు వేలు ఇచ్చారు. అసలే ఇవ్వని కాలంతో పోలిస్తే అది మేలే, కాదనను. కాని గని దుమ్ము ఇద్దరి ఊపిరితిత్తుల్లోకీ ఒకే తీరుగా పోతుంది. చెమటలో తేడా లేనప్పుడు ఫలంలో ఇంత తేడా ఉండడం ధర్మం కాదని చెప్పే పర్మినెంటు కార్మికుడు, ఆ ఇంటి బిడ్డ, ముందుకు రావాలి. తన వాటా నిలబెట్టుకోవడానికి సంఘం పెట్టినవాడు, పక్కవాడి వాటా కోసం నోరు విప్పకపోతే సంఘానికి అర్థమేముంది?

నగరవాసులకూ ఒక మాట. అశోక్‌నగర్ నుంచి ఇందిరా పార్కు దాటి నడిస్తే హుస్సేన్‌సాగర్ వస్తుంది. నిజాం కాలంలో ఆ గట్టున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం ఉండేది. వెలుగు అనుభవించేవారికే పొగ కూడా కనబడేది. ఆ కేంద్రం మూతపడింది. వెలుగు ఇక్కడే ఉండిపోయింది, పొగగొట్టాలు రామగుండంలో, పాల్వంచలో, చెల్పూరులో, జైపూరులో లేచాయి. మన కరెంటులో పెద్ద వాటా నేటికీ బొగ్గుదే. బూడిద మన పెరట్లో పడటం లేదు గనుక మన బాధ్యత తీరిందనుకోవడం పాపం. మనిషి లేని గదిలో ఫ్యాను ఆర్పడం చిన్న పని, అది చేయండి. అంతకన్నా పెద్ద పని, బొగ్గు ప్రాంతం వాళ్లు ఇందిరా పార్కు దగ్గరి ధర్నాచౌక్‌కు వచ్చి కూర్చున్న రోజున ట్రాఫిక్ ఆగిందని విసుక్కోకుండా ఒక్క నిమిషం నిలబడి వాళ్ల చేతిలోని కాగితం చదవడం.

బొగ్గు తరగని నిధి కాదు. బెల్లంపల్లిలో గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక ఆ ఊరి కళ ఎలా తగ్గిందో ఆ ఊరి బిడ్డలు చెప్పగలరు. ఆ తరువాత ఏమిటన్న ప్రశ్నకు జవాబు గని నడుస్తున్నప్పుడే సిద్ధం చేసుకోవాలి. దానికి డబ్బు లేకపోలేదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని ఏర్పాటు చేశారు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము గని వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం అందులో జమ కావాలి. మంచినీళ్లకు, వైద్యానికి, చదువుకు, కొత్త జీవనోపాధికి పెట్టవలసిన సొమ్ము అది. గుంత అంచున గోడ బీటలువారిన ఊరికి రాకుండా ఆ సొమ్ము దూరపు ఊరి సీసీ రోడ్డుకో, కాంపౌండు గోడకో పోతుంటే, ఆ ఫైలు మీద సంతకం చేసేది రేపు మీలో ఒకరు. ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేయబోయేవారు 1997 నాటి సమతా తీర్పును పరీక్ష కోసం కాక పాలన కోసం మరొకసారి చదవండి. షెడ్యూల్డు ప్రాంతంలో గని నడిపేవారు నికర లాభంలో కనీసం ఐదో వంతు గిరిజనుల నీటికి, బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు శాశ్వత నిధిగా ఉంచాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది.

చివరగా, ఆర్డీవోలు, భూసేకరణ అధికారులు కాబోయేవారికి. 2013 భూసేకరణ చట్టం పట్టా ఉన్నవాడినే నిర్వాసితుడిగా చూడదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ నేల మీద బతుకుతున్న కౌలుదారును, కూలీని, చేతివృత్తివాడిని బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది. ఆడైనా మగైనా, యుక్తవయసు వచ్చిన ప్రతివారిని వేరే కుటుంబంగా గుర్తిస్తుంది. వీళ్లలో చాలామంది పేర్లు పాస్‌బుక్కులో ఉండవు. కచేరీలో కూర్చుంటే వాళ్లు మీకు కనబడరు. అందుచేత జాబితా మీద సంతకం చేసే ముందు ఊళ్లోకి వెళ్లండి. పొద్దుగూకి కూలీలు ఇళ్లకు చేరే వేళకు వెళ్లండి. జాబితాను గ్రామ పంచాయతీ గోడకు అంటించి వదిలేయకుండా, చదువురానివారికి వినబడేలా పేరు పేరునా చదివించండి. పేరు లేదని ఎవరైనా లేచి నిలబడితే, ఆ మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా కలం మూత తీయకండి.