సేవ ఋణమా, దానమా?

ఒప్పందము వ్రాయించుకొని చేయించిన సేవ సేవ యగునా? 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచముతో వేలూరున ప్రారంభించిన వైద్యాలయము 1918లో స్త్రీలకు వైద్యవిద్యాలయమును కన్నది. అచట క్రైస్తవ సంఘముల అండతో చదివినవారు పట్టము పిదప రెండేండ్లు ఆ సంఘముల ఆసుపత్రులలో పనిచేయుట నియమము. చిత్తూరు సీమ తెలుగువారికి ఆ యూరు పరాయిది కాదు.

మొదట అది ఋణముగనే తోచును. తోచుటలో తప్పు లేదు. అర్ధరాత్రి కష్టపు కాన్పు వచ్చినపుడు పిలుచుటకు పెద్ద డాక్టరుండడు. ఏండ్లతరబడి కాన్పులు చూచిన నర్సమ్మ యుండును. ఆమె మాట వినవలెను, నిర్ణయభారము తానే మోయవలెను. ఋణము తీర్చవచ్చినవాడు అచటనే కొత్తగా ఋణపడును. రేపు పెద్ద ఆసుపత్రికి అధికారి యైనపుడు, ఆజ్ఞకు ముందు నర్సమ్మ నడుగువాడు ఇట్టివాడే యని నా నమ్మకము. గడువు తీరగనే వెడలువారిని మాత్రము నిందింపజాలను. ఇంట చెల్లెండ్ర పెండ్లిండ్లుండును.