కర్ర ఒకడికి, కుర్చీ ఇంకొకడికి

"ఎవరైనా రావచ్చు" అన్న మాట ఎక్కడ కనిపించినా నాకు ముందు అనుమానం వస్తుంది. ఇది నా బుద్ధిలో ఉన్న వంకర కాదు. మా తాతల నాటినుంచి వస్తున్న జాగ్రత్త. ఎవరినీ ఎన్నడూ వద్దనని చోట అలాంటి బోర్డు పెట్టరు. గరివిడి రైల్వే స్టేషన్ ముందు "ఎవరైనా రావచ్చు" అని రాసి ఉందా? లేదు. గేదె కూడా వస్తుంది.

మహాడ్ చెరువు సంగతి నేను తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా చెబుతాను, అది నా పాఠం కాకపోయినా. నేను తెలుగు మాస్టారిని. (తెలుగు మాస్టారంటే శాస్త్రిగారో శర్మగారో అయ్యుండాలనుకుని నా ఇంటిపేరు రెండుసార్లు అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే కథ.) ప్రభుత్వం కట్టిన, ప్రభుత్వం నడిపే నీళ్ళ తావులు అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలిలో బోలే తీర్మానం పెట్టించాడు. 1924లో మహాడ్ పురపాలక సంఘం తమ చౌదార్ చెరువు కూడా అందరిదే అని ఒప్పుకుంది. మూడేళ్ళు ఆ చెరువు కాగితం మీద బార్లా తెరిచే ఉంది. ఒక్క అంటరానివాడు దోసెడు నీళ్ళు తాగలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ జనంతో నడిచి వెళ్ళి తాగాకే అది తెరుచుకుంది. తెరుచుకున్నాక ఊళ్ళోవాళ్ళు దాన్ని శుద్ధి చేసుకున్నారు! తీర్మానం చేసిన వాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. "రావచ్చు" అనడానికీ రానివ్వడానికీ మధ్య మూడేళ్ళు ఎందుకు పట్టిందో ఆలోచించమంటున్నాను.

ఇప్పుడు నాటకం సంగతి.

విజయనగరంలో ఒక నాటక సమాజం వాళ్ళు బోయి భీమన్న గారి "పాలేరు" వేద్దామనుకున్నారు. భీమన్న గారు మా వాడు. కోనసీమలో మామిడికుదురులో 1911లో పుట్టి, స్వాతంత్ర్యం రాకముందే ఆ నాటకం రాసినవాడు. పాలేరుతనం చేసే కుర్రాడు చదువుకుని అధికారి అయ్యే కథ. అది చూసి కర్ర పారేసి బడిలో చేరిన పాలేళ్ళు ఉన్నారని గోదావరి జిల్లాల్లో చెబుతారు. ఒక నాటకానికి ఇంతకన్నా ఏ బిరుదు కావాలి?

సమాజం వాళ్ళు కాగితాలు అచ్చు వేసి బడులకి పంపారు. కథానాయకుడి వేషానికి పద్నాలుగు, పదిహేడు ఏళ్ళ మధ్య కుర్రాళ్ళు కావాలి. అనుభవం అక్కర్లేదు. ఎంపిక బహిరంగం. ఎవరైనా రావచ్చు.

నేను నలుగురిని తీసుకెళ్ళాను. అందులో ఒకడు రెల్లి వీధి పిల్లాడు, పదో తరగతి. పేరు రాయను. వాడి తల్లి పంచాయితీలో చీపురు పని. తండ్రి లేడు. బస్సు చార్జీలు నావే, మధ్యాహ్నం భోజనాలు నావే. ఇది గొప్పకి చెప్పుకోవడం లేదు. బహిరంగ ఎంపిక అన్నది ఆ హాలు తలుపు దగ్గర మొదలవదు, బస్సు చార్జీ దగ్గర మొదలవుతుంది అని చెప్పడానికి రాస్తున్నాను. అందరికీ ఒకటే గంట పెట్టారు, ఉదయం తొమ్మిది. పక్క వీధి పిల్లాడికీ తొమ్మిదే, చీకటితో లేచి నీళ్ళు పట్టి తల్లితో నాలుగు వీధులు తుడిచి వచ్చిన వాడికీ తొమ్మిదే. సమానత్వం అంటే ఇదేనా అని అడిగితే, కాదనడానికి వాళ్ళ దగ్గరా మాటలేదు, అవుననడానికి నా దగ్గరా మనసు లేదు.

తర్వాత యాస. అక్కడ పిల్లలందరికీ ఒక పేజీ చదవమని ఇచ్చారు. మా నలుగురూ చదివారు. వెనక కుర్చీల్లో కొందరు నవ్వారు. "సేస్తాను", "ఎల్తాను" అంటే నవ్వు. అది విజయనగరం! గురజాడ అప్పారావు గారి ఊరు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు జన్మంతా పోట్లాడింది ఈ శ్రీకాకుళం, పర్లాకిమిడి గడ్డమీదే. వ్యావహారికం గెలిచిందని నేనే పాఠం చెబుతాను. కాని ఎవరి వ్యావహారికం గెలిచింది? అగ్రహారం అరుగుమీద మాట్లాడింది గెలిచింది. రెల్లి వీధిది ఇంకా దరఖాస్తు పెట్టుకునే ఉంది.

అమెరికాలో కొన్ని పెద్ద వాద్య బృందాలు వాయించేవాడు కనబడకుండా తెర కట్టి ఎంపిక చేస్తాయి. 1970ల నుంచి అది బాగా పెరిగింది. ఆడవాళ్ళకి అవకాశాలు రావడానికి అది సాయపడిందంటారు. మంచి ఉపాయమే. కాని నాటకానికి తెర కడితే ఏం చూస్తారు? పైగా మా యాస తెర చాటునుంచి కూడా కనబడుతుంది. వయొలిన్‌కి కులం లేదు, నాలిక్కి ఉంది.

1892లో కన్యాశుల్కాన్ని విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు మొదటిసారి ఆడారు. సరిగ్గా ఆ ఏడే విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం మొదలైంది, దేశంలోనే మొదటిసారి. ఈ రెండూ ఒకే పాఠంలో ఎవరూ చెప్పరు. మా ముత్తాతలు రెండో దాంట్లో ఉన్నారు. మా తాత కూడా మాంగనీసు రాయి మోసే చచ్చిపోయాడు, గోళ్ళలో నలుపు పోకుండానే. నాటకం వైపు మా వాళ్ళు లేరా అంటే ఉన్నారు, ఊరి బయట. చిందు భాగవతం ఆడిన చిందు ఎల్లమ్మ చిన్నప్పుడే గజ్జె కట్టింది. వాళ్ళనెవరూ ఎంపిక చెయ్యలేదు, పుట్టుకే ఎంపిక. అది "కళ" అని ప్రభుత్వం గుర్తించేసరికి వాళ్ళు ముసలివాళ్ళయిపోయారు. మా బడిలో వార్షికోత్సవం నాటకాల్లో నాకెప్పుడూ భటుడి వేషమే. "చిత్తం మహాప్రభో" అన్న ఒక్క మాట నేనన్నన్ని సార్లు చీపురుపల్లి తాలూకాలో ఇంకెవరూ అని ఉండరు.

సరే, ఆ పిల్లాడు ఏం చేశాడో చెప్పాలి. చదవడం అయ్యాక ఒక చిన్న సన్నివేశం ఇచ్చారు. కామందు లోపలినుంచి కేకేస్తాడు, పాలేరు బదులు పలకాలి. అంతకుముందు చేసిన పిల్లలందరూ "వస్తున్నానయ్యా" అని గట్టిగా అరిచి పరుగెత్తారు. వీడు అరవలేదు. కేక వినబడగానే ముందు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత, చెప్పుల్లేని కాళ్ళకి లేని చెప్పులు విప్పాడు. అప్పుడు పలికాడు. హాలు గప్‌చిప్. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే వాడు ఏ పాలేరునీ చూసి ఉండడు, ఆ రోజులు కావివి. తలగుడ్డ ఎవరు నేర్పారురా అని తర్వాత అడిగితే, "మా తాత పంచాయితీ ఆఫీసుకి ఎల్తే అలగే సేసీవోడండి" అన్నాడు.

ఎంపిక చేసేవాళ్ళు ముగ్గురు. ఒకాయన లేచి నిలబడి, "వీడు చూడండి, పుట్టు పాలేరులా ఉన్నాడు!" అన్నాడు. మెచ్చుకోలే. కళ్ళు చెమర్చాయి కూడా. నేనాయన్ని తప్పు పట్టలేకపోయాను, సంతోషించనూ లేకపోయాను. పుట్టు పాలేరు! ఒక పిల్లాడు బుర్ర పెట్టి, తాతని గుర్తు తెచ్చుకుని, లేని చెప్పులు విప్పి చేసిన దాన్ని నటన అనలేదు ఆయన. పుట్టుక అన్నాడు. అదే పని ఇంకొక ఇంటి పిల్లాడు చేసి ఉంటే "ఎంత పరిశీలన!" అనేవాడు కాదా?

ఎనిమిది రోజులకి కబురు వచ్చింది. వేషాన్ని రెండు ముక్కలు చేశారు. మొదటి సగం, కర్ర పట్టుకునే పాలేరు, మా పిల్లాడు. రెండో సగం, చదువుకుని అధికారిగా తిరిగొచ్చి కుర్చీలో కూర్చునేది, పట్నంలో ఒక ప్రైవేటు స్కూలు కుర్రాడు. కారణం వయసు అన్నారు. కాని ఇద్దరికీ పదహారే. ఇంకోసారి అడిగితే ఉచ్చారణ అన్నారు. మూడోసారి అడిగితే, "ఆఫీసరంటే కాస్త పర్సనాలిటీ ఉండాలి కదండీ మాస్టారూ" అన్నారు, చాలా మర్యాదగా. చదువుకుంటే మనిషి రంగు మారుతుందని భీమన్న గారు ఎక్కడా రాయలేదు.

మలయాళంలో తొలి మూకీ సినిమా "విగతకుమారన్"లో పి.కె. రోజీ అనే దళిత యువతి నాయర్ స్త్రీ వేషం వేసింది. తిరువనంతపురంలో తెరమీద అది చూసి తట్టుకోలేక అగ్రకులాల వాళ్ళు గొడవ చేశారు, ఆమెని ఊరొదిలి పారిపోయేలా చేశారు. ఇక్కడ మన "మాలపిల్ల"లో, 1938లో, మాలపిల్ల వేషం వేసింది కాంచనమాల. ఆమె దళిత స్త్రీ కాదు. అంటే లెక్క ఇది: వాళ్ళు మాలాగా నటిస్తే కళ, మేము వాళ్ళలాగా నటిస్తే నేరం, మేము మాలాగా నటిస్తే నటనే కాదు. నాటకమంటేనే మనిషి ఇంకొక మనిషి కావడం. ఆ ఒక్క వరం అందరికీ ఇచ్చి మాకు మాత్రం మా ఒంటినే వేషంగా కట్టారు.

అలాగని దళిత పాత్ర దళితుడే వెయ్యాలి అని వాదించే మిత్రులతో నేను పూర్తిగా కలవలేను. మన కథలోంచి మనల్నే బయటికి నెట్టేస్తున్నారు కాబట్టి ఆ వాదానికి బలం ఉంది. కాని దాన్ని ఒప్పుకున్న మరునిమిషం "అవును, మీకు మీ పాత్రలే" అని వాళ్ళు చెయ్యి కలుపుతారు. అప్పుడు హరిశ్చంద్రుడు ఎవరు? కలెక్టరు ఎవరు? ఆ పిల్లాడికి పాలేరు వేషం రావాల్సింది వాడి చేతిలో పని ఉంది కాబట్టి. ఆ పనే కుర్చీకి కూడా సరిపోతుంది.

నేను వాళ్ళతో ఇదంతా చెప్పాను, ఇంత కోపంగా కాదు. వాళ్ళు విన్నారు, టీ ఇచ్చారు, మార్చలేదు.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. వద్దని వచ్చెయ్యమనాలా? నెలనెలా జీతం వచ్చే నాకు ఆత్మగౌరవం మాట్లాడటం సులువు. కోల్పోయేది వాడు. విజయనగరంలో స్టేజీ మళ్ళీ వాడి జన్మలో ఎప్పుడు దొరుకుతుంది? ఒప్పుకోమంటే, ఆ హాల్లో వెయ్యిమంది ముందు మా పిల్లాణ్ణి వంగమని నేనే పంపినట్టు. బిడ్డ వాడిది కాబట్టి తల్లిని అడిగాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది: "ఆకర్ని కుర్సీలో ఎవులు కూకుంటారు మాస్టారు బాబూ? మావోడు కాదా?" కాదన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "మరయితే మొదట్లో వంగడమెందుకు?" అంది.

నా డిగ్రీ, బీఈడీ, డీఎస్సీ పుస్తకాలన్నీ కలిపినా దానికి జవాబు లేదు.

పిల్లాడు మాత్రం వెళ్తానన్నాడు. "నాను ఎల్తానండి. రెండోదీ సూసి నేర్సుకుంటాను" అన్నాడు. వాడి నిర్ణయం వాడిది. తల్లి అడ్డు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆదివారం ఆదివారం రిహార్సలు. నాలుగు వారాలకి అధికారి మాటలన్నీ వాడికి నోటికొచ్చేశాయి, నవ్విన ఆ "సే"లూ "ఎల్తా"లూ తీసేసి, తిరిగి కావాలని పెట్టి, రెండు రకాలుగా. బస్సులో నాకు అప్పజెబుతాడు. కిందటి వారం ఆ పట్నం కుర్రాడు వీడి దగ్గరకొచ్చి, అధికారి తన పాత కామందుని చూసినప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగాడట. వీడు చూపించాడట.

"ఏం చూపించావురా?" అన్నాను.

"ఏటీ లేదండి. కుర్సీ చేతులు గట్టిగా పట్టుకోమన్నాను. లెగిసిపోకుండా."