వేరూను వరకు

కాయకమనగా చేతులతో చేయు పని యని మనము సామాన్యముగా గ్రహింతుము. దుక్కి దున్నుట, వస్త్రము నేయుట, పాఠము చెప్పుట కంటికి కనబడు కాయకములు. మరి నిరీక్షించుట కాయకమగునా? లేక అది సోమరితనమునకు మారుపేరా? ఈ ప్రశ్నకు సమాధానము మొక్కలు నాటువారి యనుభవమున దొరకును.

శీతల దేశములలో పియోనీ యను పూమొక్క కలదు. దానిని మన్ను దులిపిన వట్టి వేరుదుంపగానే కొనితెచ్చి, శరత్కాలమున నాటుదురు. దుంపపై నుండు మొలక కన్నులను 2 అంగుళములకు మించి లోతున పాతినచో ఆకులు వచ్చునే గాని పూలు సరిగా రావు. సరిగా నాటినను నిండుగా పూచుటకు 3 ఏండ్లు పట్టుట సామాన్యము. ఒకసారి స్థిరపడినచో 50 ఏండ్లకు పైగా పూయగలదు. చలికాలపు శీతలము లేనిదే అది పూయదు గనుక మన పల్నాటి యెండలకు తగినది కాదు. అయినను దాని ధర్మము మనకు క్రొత్త కాదు.

మన క్రోసూరు ప్రాంతమున మారేడును చూడుడు. ఇష్టలింగార్చనకు పత్రి నిచ్చు ఈ చెట్టు వేళ్ళనుండి పిలకలు పుట్టును. వానలు పడిన పిమ్మట పిలకను వేరుతో త్రవ్వి తెచ్చి నాటవచ్చును. త్రవ్వునపుడు నీటిని పీల్చు సన్నని పీచువేళ్ళు చాలవరకు తెగును. ఆకులు రాలి, పిలక మోడువలె నిలుచును. చూచువారు చచ్చినదందురు. అది మాత్రము మట్టిలోపల తెగిన వేళ్ళను మరల కూర్చుకొనుచుండును. తాటిటెంక సంగతియు నిట్టిదే. దాని మొలక ముందు భూమిలోనికి దిగి తేగ యగును. పిమ్మటనే ఆకు పైకి వచ్చును.

పెండ్లియై అత్తవారింట అడుగిడిన కోడలు గూడ వేరుతో పెకలింపబడి వచ్చినదే. ఆమె విడిచి వచ్చినది తల్లిదండ్రులను మాత్రమే కాదు; సగము మాటలోనే భావము గ్రహించువారిని, అడుగకయే ఆకలి నెఱుగువారిని విడిచి వచ్చినది. అవియే ఆమె పీచువేళ్ళు. "ఏడాదియైనది, ఇంకను మనలో కలియలేదు" అనువారు ఈ సంగతి మఱతురు. క్రొత్త బడిలో చేరిన పిల్లవాని విషయమునను, మఠమునకు వచ్చిన వటువు విషయమునను ఇదియే న్యాయము.

ఇచట ఒక ఆక్షేపణము కలదు. ఓర్పు పేరిట ఉపేక్షను దాచుకొనవచ్చును గదా? నీరు పోయక "వేరూనును లెమ్ము" అనువాడు మొక్కను వదలివేసినవాడే. కోడలు కన్నీరు పెట్టుచుండగా "కొన్నాళ్ళకు సర్దుకొనును" అని యూరకుండు ఇంటిలో ఓర్పు వహించుచున్నది ఆమె యొక్కతెయే.

నిజముగా నిరీక్షించువాడు ప్రతిదినము పాదు వద్దకు వచ్చును. తడి యారినదేమో చూచును. రేగడిలో నీరు నిలిచి వేరు కుళ్ళకుండ కాలువ తీయును. మేకలు రాకుండ కంచె కట్టును. వేరు పుట్టినదా యని మాత్రము త్రవ్వి చూడడు. త్రవ్వినచో అప్పుడే పుట్టిన లేతవేరు తెగును. సందేహము కలిగినచో గోటితో బెరడును ఇసుమంత గీచును. లోపల పచ్చదనమున్నచో ప్రాణమున్నట్లే.

మనుష్యుల యెడ ఆ గోటిగీత యేది? "నీకేమి కావలెనమ్మా?" అని యడిగి, చెప్పిన సమాధానమును వినుట. పదిమందిలో తప్పులెన్నుట వేరు త్రవ్వి చూచుట వంటిది. ఏకాంతమున పరామర్శించుట బెరడు గీచుట వంటిది. పచ్చదనము తగ్గుచున్నదని తెలిసిననాడు మొక్కను నిందింపక, మట్టిని బాగుచేయవలెను. ఇంటి మట్టియనగా ఇంటివారి మాట, నడవడియే గదా.

కావున నిరీక్షణము కాయకమే. దానిలోని పని చిన్నది, నిత్యమైనది, పేరు రానిది. గింజనుండి పెరిగిన మారేడు కాపునకు వచ్చుటకు 7, 8 ఏండ్లో, అంతకు మించియో పట్టును. నాటినవాడు ఆ కాయను చూడకపోవచ్చును. పాదు తడుపుటలో అతని వంతు అతనికి దక్కినది.

ఈ యేడు మన యిండ్లకు, బడులకు, మఠములకు క్రొత్తగా వచ్చినవారెవరో ఒక్కసారి తలచుకొందము. వారి పాదులో తడి యున్నదా?