తప్పు పురుగుదా, దీపానిదా?

గోదావరి డెల్టాలో వానల రోజుల్లో వరిచేల పక్కన దీపం వెలిగితే పురుగులు ముసురుతాయి. వాటిలో చీమను సాగదీసినట్టుండే సన్నటి పురుగొకటి ఉంది. నలుపు, నారింజ రంగుల పట్టీలతో సుమారు సెంటీమీటరు పొడవుంటుంది. రోవ్ బీటిల్ అంటారు. అది కుట్టదు. మెడ మీద పాకుతుంటే నిద్రలో చేత్తో నలిపేస్తాం. అప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుతుంది. మంట వెంటనే తెలియదు. ఒక రోజు గడిచాక ఎర్రటి చార తేలి, పొక్కులు లేస్తాయి.

ఆలోగా పురుగు సంగతి ఎవరికీ గుర్తుండదు. మరి నింద ఎవరి మీద పడుతుంది? రంపచోడవరం, మారేడుమిల్లి కొండల నుంచి దిగివచ్చి డెల్టా హాస్టళ్లలో చదివే మన కోయ, కొండరెడ్డి పిల్లల మీద పడుతుంది. "స్నానం చేయరు", "అంటురోగం", "దూరంగా పడుకో" అంటారు. ఇది అంటురోగం కాదు. ఒకరి పొక్కు నుంచి మరొకరికి సోకదు. పుండు రెండు మూడు వారాల్లో మానుతుంది, నల్లమచ్చ కొన్నాళ్లుండి పోతుంది. ఆ మాట పడ్డ పిల్లవాడు మాత్రం సెలవులకు ఇంటికెళ్లి తిరిగి రాకపోవచ్చు.

పోనీ, పురుగును నిందిద్దామా? ఆ విషాన్ని తయారుచేసేది దాని ఒంట్లో కాపురముండే బాక్టీరియా. పైగా అదే పురుగు చేలో సుడిదోమను తిని వరిని కాస్తుంది. వ్యవసాయ శాస్త్రం దాన్ని మిత్రపురుగుల్లో లెక్కిస్తుంది. మందు కొట్టి చంపితే సుడిదోమకే మేలు. దాన్ని మన పక్కదాకా రప్పించింది దీపం, జాలీ లేని కిటికీ.

జెర్రి ఏ రాయి కింద ఉంటుందో, ఏ గొంగళిని ముట్టుకుంటే దద్దుర్లొస్తాయో మన పెద్దలు చిన్నప్పుడే చెబుతారు. వాటి మధ్య ఎలా మసలుకోవాలో నేర్పుతారు. వరిచేల పురుగు సంగతి కొండపిల్లలకు ఎవరు చెప్పాలి? తెలిసినవాళ్లే చెప్పాలి. కీడును ఆపే వీలు ఎవరి చేతిలో ఉందో బాధ్యత వాళ్లదేనని మనం అంటాం. నిద్రపోయే పిల్లవాడి చేతిలో ఆ వీలు లేదు. కిటికీకి జాలీ వేయించగలవాళ్ల చేతిలో ఉంది.

తెలిశాక మనకూ బాధ్యత వస్తుంది. పురుగు వాలితే నలపకుండా ఊదేయాలి. నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకూడదు. కంటికి తగిలితే డాక్టరుకు చూపించాలి. పడుకునే ముందు పక్క దులిపి దీపం ఆర్పాలి. బడి తెరవగానే ఉపాధ్యాయులు ఈ నాలుగు మాటలూ పిల్లలకు చెప్పాలి. యువకులు జాలీ కోసం అర్జీ రాయాలి. పొక్కు లేచిన పిల్లవాణ్ణి ఎవరైనా దూరం పెట్టబోతే, మనం వెళ్లి అతని పక్కన కూర్చోవాలి.