పొగ, నిప్పు, బ్యాటరీ
1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మండుతున్న ఆ కొలిమి కడుపులోకి ఎవరూ దిగలేరు. పైకొచ్చే వాయువును, గోడల వేడిని కొలిచి లోపలి సంగతి పోల్చుకోవాలి.

లిథియం బ్యాటరీదీ అదే కథ. కొలతకు అందేవి వోల్టేజి, కరెంటు, పైపొర వేడి. అంతర్నిరోధం, అయాన్ల కదలిక వేగం లెక్కగట్టాల్సిందే.

మరి అలా లెక్కగట్టింది జ్ఞానమా, ఊహా?

‘తర్కసంగ్రహం’ రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు పొగను చూసి నిప్పును తెలుసుకోవడం ప్రమాణమేనన్నాడు. నిప్పును చూసి పొగ ఉందంటే మాత్రం ఒప్పుకోడు, తడికట్టె ఉండాలిగా! దాగి ఉన్న ఆ షరతునే తర్కంలో ఉపాధి అంటారు.

బ్యాటరీలో తడికట్టె చలి. నిరోధం పెరిగిందంటే కారణం ముసలితనమో, చలో ఒక్క కొలత చెప్పదు. లెక్కలో రెండు తప్పుడు అంకెలు ఒకదాన్నొకటి కప్పుకుంటే గ్రాఫు కొలతలతో ముచ్చటగానే కుదురుతుంది. అందుకే వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కరెంటును కాసేపు లాగి, ఆపి, వోల్టేజి కోలుకునే తీరు చూస్తారు.