మందు మార్చిన ముఖము, మనము పలికిన మాట

ధ్యాన భాగములు: 1 సమూయేలు 1:9–18, ద్వితీయోపదేశకాండము 19:4–6



షిలోహులో లోలోపల ఏడ్చుచు ప్రార్థించుకొనుచున్న హన్నాను చూచి, యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదని తలంచెను. ఆమె పెదవులు కదలుట ఆయన కన్నులార చూచినదే. చూచినది అబద్ధము కాదు; చూచినదానికి ఆయన కట్టిన అర్థమే అబద్ధము. అట్టి తప్పు మా మధ్యను జరిగినది. కాబట్టి ఇతరులకు బుద్ధి చెప్పువారివలె గాక, తప్పు ఒప్పుకొనువారివలె ఈ నెల వ్రాయుచున్నాము.

చిలమత్తూరు చుట్టుపట్ల పల్లెలలో కీళ్లనొప్పులవారు ఏ వీధికి పోయినను కనబడుదురు. శెనక్కాయలు పెరికి, బిందెలు మోసి, ఏండ్ల తరబడి వంగి కలుపు తీసి అరిగిపోయిన కీళ్లు కొన్ని. అయితే వేరొక జబ్బు కలదు. దేహమును కాపాడవలసిన శక్తియే దారి తప్పి, తన సొంత కీళ్లమీద పడును. దీనిని వైద్యులు రుమటాయిడ్ కీళ్లవాతము అందురు. వేళ్ల కణుపులు వాచును. తెల్లవారి లేచిన తరువాత గంటసేపైనను చేతులు బిగిసి, చెంబు పట్టుకొనుట కూడ కష్టమగును. ఇది పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వచ్చును.

మా సంఘములో ఒక సహోదరికి ఈ జబ్బు వచ్చినది. ఆమె యాభై ఏండ్లు దాటినది, నెమ్మదిగలది, ఎవరిని ఏకవచనములో పిలిచి ఎరుగనిది. పట్టణపు వైద్యుడు ఆమెకు స్టెరాయిడు మాత్రలు వ్రాసి, మరల వచ్చి చూపించుకొమ్మని చెప్పెను. వారము తిరుగకముందే ఆమె తన చేతులతో రాగిసంకటి కెలికినది. అందరము దేవుని స్తుతించితిమి. నొప్పి ఇంకను తగ్గునేమో యని, ఆమె సంతలో అమ్ము పేరులేని పొడి పొట్లములు కూడ కొని, ఎవరికి చెప్పక మ్రింగుచు వచ్చెను.

రెండు మూడు నెలలకు ఆమె ముఖము గుండ్రమై బుగ్గలు ఉబ్బెను. వానలు లేక, శెనగ చేను ఎండి, అందరి ముఖములు పీక్కుపోయిన సంవత్సరమది. "ఏమక్కా, మొగం పున్నమి చంద్రుని మాదిరి అయిందే, మీ ఇంట్లో కరువు లేదేమో!" అని మాలో కొందరు నవ్విరి. రాత్రులు ఆమెకు నిద్ర లేదు. రెండు గంటలకే లేచి వాకిలి ఊడ్చుచుండెను. పిలువకయే ఎక్కిళ్లు వచ్చి పూటల తరబడి వదలకుండెను. ఎంత తినినను ఆకలి తీరకుండెను. వీటన్నిటికంటె బాధాకరమైనది ఏమనగా, కోడలిని పేరు పెట్టి తిట్టుటకు మొదలుపెట్టెను. ఒకనాడు అన్నపు తట్ట విసరివేసెను.

అప్పుడు మేము ఏమంటిమి? "ప్రార్థన తగ్గింది, నోరు పెరిగింది" అంటిమి. "విశ్వాసముండేవాళ్లకి దినామూ మాత్రలెందుకు?" అని ఒకరు ఆమె ముఖముమీదనే అనిరి. ఆమె ఇంటికి పోయి మాత్రలను, పొట్లములను పెంటలో పారవేసెను. నాలుగవ దినమున వాంతులై, కన్నులు తిరిగి, లేవలేక పడిపోయెను. ఆటోలో ఆస్పత్రికి తీసికొనిపోయితిమి. "మందు ఆపమని ఎవరు చెప్పినారు?" అని వైద్యుడు అడుగగా, మా నోట మాట రాలేదు.

ఆయన వివరించిన సంగతి అందరు తెలిసికొనవలసినది. మన మూత్రపిండములపైన రెండు చిన్న గ్రంథులు కలవు. జబ్బులోను, దెబ్బలోను, భయములోను దేహమును నిలువబెట్టు రసమును అవి ప్రతిదినము ఊరించును. స్టెరాయిడు మాత్ర ఆ రసమునకు సరిపోలినదే. వారముల తరబడి అది బయటనుండి వచ్చుచుండగా గ్రంథులు పని మానుకొనును. ఊరికి ట్యాంకరు నీళ్లు వచ్చుచున్నంతకాలము పాత బావిని ఎవరు పూడిక తీయరు గదా. ఒక్కసారి ట్యాంకరు నిలిచిపోయినయెడల బావిలో నీరుండదు. అందుచేత ఈ మందును వైద్యుని మాటచొప్పున మెల్లమెల్లగా తగ్గింపవలెనే గాని, హఠాత్తుగా మానరాదు. మానినయెడల ప్రాణమునకే మోసము. ఆ పేరులేని పొడిలోను ఇదే మందు కలిసియుండవచ్చునని ఆయన అనుమానించెను. ఇట్టి పొడులలో స్టెరాయిడు కలుపబడి యుండుట పరీక్షలలో పలుమారులు బయటపడినది. అట్లు ఆమె ఎంత మ్రింగినదో ఆమెకే తెలియదు.

ఉబ్బిన బుగ్గలు బలము కావు. ఈ మందు క్రొవ్వును ముఖమునకు, మెడవెనుకకు చేర్చి, చేతులను కాళ్లను సన్నగిల్లజేయును. ఎముకలను పలుచన చేయును, చక్కెరను రక్తపుపోటును పెంచును, నిద్రను చెరుపును. కొందరిలో మనస్సునే మార్చును. 1972లో అమెరికాలోని బోస్టనునుండి వెలువడిన ఒక పరిశీలనలో, దినమునకు 40 మిల్లీగ్రాములకు మించక తీసికొన్నవారిలో నూటికి ఒకరికంటె కొంచెము ఎక్కువమందికి, 80 మిల్లీగ్రాములకు మించి తీసికొన్నవారిలో నూటికి 18 మందికి తీవ్రమైన మానసిక వికారములు కలిగినవని తేలెను. మోతాదు పెరిగిన కొలది అపాయము పెరుగునన్నమాట.

అయితే ఈ మందును శపింపరాదు. 1948 సెప్టెంబరు 21న అమెరికాలోని రోచెస్టరులో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముతో మంచము పట్టిన 29 ఏండ్ల స్త్రీకి కార్టిసోను మొదటిసారి ఇప్పించెను. కొన్ని దినములలోనే ఆమె నడచి, అంగడికి పోయి వచ్చెను. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ అను ముగ్గురికి నోబెల్ బహుమానము లభించెను. కాని అప్పటికే గుండ్రని ముఖములు, కలతపడిన మనస్సులు వైద్యుల కంటబడినవి. మేలును, దాని వెలయు కలిసియే వచ్చినవి.

ఆ మొదటి సూదికి నెలన్నర ముందే, 1948 ఆగస్టులో, భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్కులో కన్ను మూసెను. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనలనుండి వచ్చిన మెథోట్రెక్సేటు, మొదట రక్తపు క్యాన్సరునకు వాడబడి, తరువాత కీళ్లవాతమునకు ముఖ్యమైన మందాయెను. అది పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు స్టెరాయిడు ఊతకర్రవలె ఆదుకొనును. పిమ్మట ఊతకర్రను మెల్లగా తీసివేయుటయే వైద్యుల ఉద్దేశము. మెథోట్రెక్సేటు కీళ్లవాతమునకు వారమునకు ఒక్క దినము మాత్రమే తీసికొనవలసినది. దినదినము మ్రింగుట ప్రాణాపాయము.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. మందు పుట్టించిన కోపములో పలికిన మాట ఎవరిది? పాపమందుమా, జబ్బు అందుమా? అంతయు పాపమే యన్నవారము ఆ సహోదరిని మంచము పట్టించితిమి. అంతయు మందే యన్నయెడల కోడలి కన్నీటికి జవాబు చెప్పువారెవరు?

మోషే ధర్మశాస్త్రములో ఒక దృష్టాంతము కలదు. ఇద్దరు పొరుగువారు కట్టెలు కొట్టుటకు అడవికి పోయిరి. ఒకని గొడ్డలి పిడినుండి ఊడి రెండవవానికి తగిలి, అతడు చనిపోయెను. కొట్టినవానికి పగ లేదు, తలంపు లేదు. అట్టివాడు హంతకుడు కాడని ధర్మశాస్త్రము తీర్చి, పారిపోయి బ్రదుకుటకు ఆశ్రయపురములను ఏర్పరచెను. అయినను ఏమియు జరుగలేదని చెప్పలేదు. ఒకడు చచ్చెను, మరియొకడు ఇల్లు విడువవలసి వచ్చెను. తలంపు లేనిచోట హత్యానేరము లేదు. తగిలిన దెబ్బ మాత్రము నిజమే.

ఆ సహోదరి ఈ ధర్మమును మాకంటె ముందు గ్రహించినది. ఆస్పత్రినుండి వచ్చిన సాయంత్రము కోడలిని దగ్గరకు పిలిచి, "ఆ మాట మందుదో నాదో నాకు తెలీదమ్మా. నీకు తగిలింది మాత్రం నిజం" అని చెప్పెను. కోడలు, "ఊరుకో అత్తా, రేపట్నుంచీ మాత్ర నేనే ఇస్తాను" అనెను. అత్త నేరము మోసికొని కృంగలేదు. మందు చాటున దాగనులేదు. తనది కాదేమో యన్న మాటకు సైతము క్షమాపణ అడిగెను.

మిగిలినది మన వంతు. ఏలీయా చావు కోరుకొని బదరీచెట్టు క్రింద పడుకొనినప్పుడు, దేవుడు మొదట గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. ఆ తరువాతనే మాట్లాడెను. కృంగినవారి దేహపు అక్కర ముందు చూచుట దేవుని పద్ధతి. మనకు నోరే ముందు లేచును.

కాబట్టి ఈ మందు వాడువారు మన ఇండ్లలో ఉన్నయెడల, ఉదయము ఏదైనా తినిన తరువాత మాత్ర వేసికొనునట్లు చూతము. నిద్ర కొంత నిలుచును. నిద్రలేమి, కోపము, కారణములేని దిగులు లేక పట్టరాని ఉత్సాహము కనబడినయెడల దాచక వైద్యునితో చెప్పుదము. చక్కెర, పోటు, కన్నులు, ఎముకలు పరీక్ష చేయింతము. ఈ మందు జ్వరమును కప్పిపెట్టగలదు, దాగియున్న క్షయను లేపగలదు. కావున చిన్న జ్వరమని, దగ్గని ఊరకుండవద్దు. వేరొక వైద్యునియొద్దకు పోయినప్పుడు ఈ మాత్ర సంగతి మొదట చెప్పుదము. పేరు లేని పొట్లమును ఇంటికి తేవద్దు. వైద్యుని అడుగక ఎవరిని మందు మానుమని చెప్పవద్దు. ప్రార్థన పేరట అసలే చెప్పవద్దు. లూకా వైద్యుడైయుండియే పౌలుతోకూడ సేవ చేసెను గదా.

హన్నా తన దుఃఖమును తెలిపినప్పుడు ఏలీ తన మాటను పట్టుకొని వాదింపలేదు. ఆమెను దీవించి పంపెను. మేమును ఆ సహోదరి ఇంటికి పోయి క్షమాపణ వేడితిమి. ఆమె ముఖము ఇంకను గుండ్రముగానే యుండెను. ఈసారి ఎవరును నవ్వలేదు. ఆమె మాకు మజ్జిగ ఇచ్చెను. చెంబు పట్టుకొనిన ఆమె వేళ్లు మాత్రము చక్కగా వంగుచుండెను.

ప్రార్థన: హృదయములను ఎరిగిన ప్రభువా, ముఖములు చూచి మేము తీర్చిన తీర్పులను క్షమించుము. జబ్బులో నోరు జారినవారికి నెమ్మదిని, గాయపడినవారికి ఓర్పును దయచేయుము. మా సంఘమును ఆశ్రయపురముగా చేయుము. ఆమేన్.